ఉద్యోగంలో వేధింపుల తొలి సంకేతాలు: మా చెల్లెలి విషయంలో మీ సలహా కావాలి

మల్లెపందిరి

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా చెల్లెలు ఇంజనీరింగు పూర్తిచేసి ఎనిమిది నెలల కిందట హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరింది. సంస్థ పేరు ఇక్కడ రాయను.

చేరిన మొదట్లో దాని టీమ్ లీడ్ చాలా మంచివాడని, పని ఓపికగా నేర్పుతాడని ఫోనులో చెబుతూ ఉండేది. రెండు నెలలు గడిచాక హాస్టల్ ఎక్కడని అడిగి, తన దారి కూడా అదేనని రెండుసార్లు కారులో దింపాడట. తర్వాత రాత్రిపూట వాట్సాప్‌లో సందేశాలు మొదలయ్యాయి. "రేపటి డెమో సిద్ధమా" అని మొదలైనవి కొన్నాళ్ళకు "ఇంకా నిద్రపోలేదా", "ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నావు" అనే దాకా వచ్చాయి. దసరా ముందు అందరూ సంప్రదాయ దుస్తులలో వచ్చిన రోజున, "నువ్వు రోజూ చీరలోనే వస్తే మేమంతా ఆదివారం కూడా ఆఫీసుకు వస్తాం" అని పదిమంది ముందు అన్నాడు. అందరూ నవ్వారు, ఇదీ నవ్వింది. శుక్రవారాల్లో మిగతావాళ్ళు వెళ్ళిపోయాక మూలనున్న చిన్న మీటింగ్ గదిలో కోడ్ రివ్యూ పెట్టడం అలవాటు చేశాడు. ఒకసారి ధైర్యం చేసి, "సోమవారం ఉదయం అందరూ ఉన్నప్పుడు చూద్దాం సార్" అని చెప్పిందట. ఆ మరుసటి వారం నుంచి క్లయింట్ కాల్ ఆహ్వానంలో దాని పేరు లేదు. అడిగితే, "నీకు టీమ్‌తో కలిసిపోవడం ఇంకా రాలేదు, నేర్చుకో" అన్నాడట.

ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ కలిపి చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. అతడు ముట్టుకోలేదు, బూతు మాట అనలేదు, ఫలానాది కావాలని అడగలేదు. అమ్మానాన్నలకు చెబితే ఉద్యోగం మానేసి ఇంటికి రమ్మంటారని దాని భయం. ఆ భయం నిజమే, మా ఇంట్లో అలాగే జరుగుతుంది. నేను లేనిపోనిది ఊహించుకుంటున్నానా, లేక ఇవి నిజంగానే తొలి సంకేతాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గచ్చిబౌలి_బాటసారి

అక్కా, నేను కూడా ఒక చిన్న బృందానికి లీడ్‌గా ఉన్నాను కాబట్టి అవతలి వైపు నుంచి కొంత చెబుతాను. అన్యథా భావించకండి. మా వృత్తిలో రాత్రి తొమ్మిదికి, పదికి సందేశాలు రావడం మామూలే. క్లయింటుకు అప్పుడే తెల్లవారుతుంది. శుక్రవారం సాయంత్రం రివ్యూ ఉండటం కూడా వింత కాదు, ఎందుకంటే వారాంతంలో రిలీజ్ ఉంటే ఆలోగా చూడాలి. క్లయింట్ కాల్స్‌లో కొత్తవాళ్ళను పెట్టడం, తీయడం తరచూ జరుగుతుంది.

చీర గురించి అన్న మాట మాత్రం తప్పే. అది నేను సమర్థించను. కానీ ఇన్ని సంగతులకు మామూలు వివరణలు కూడా ఉన్నప్పుడు, వాటినన్నింటినీ ఒక దారానికి గుచ్చి ఒక మనిషిని దోషిగా చూడటం న్యాయమా అన్నది నా సందేహం. మామూలు చనువుకూ, ముందుముందు వేధింపుగా మారే చనువుకూ మధ్య తేడా ఎక్కడ తెలుస్తుందో తెలిసినవారు చెబితే నేను కూడా నేర్చుకుంటాను.

కృష్ణాతీరం

నేను విజయవాడలో న్యాయవాదిని. మూడు సంస్థల అంతర్గత కమిటీలలో, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే కమిటీలలో, బయటి సభ్యురాలిగా కొన్నేళ్ళుగా కూర్చుంటున్నాను. గచ్చిబౌలి_బాటసారి గారు అడిగింది మంచి ప్రశ్న. కమిటీ ముందుకు వచ్చే ప్రతి విచారణలో మేము వేసుకునే ప్రశ్న కూడా అదే.

నా అనుభవంలో తేడా తెలిసేది పని జరిగినప్పుడు కాదు, "వద్దు" అన్న తర్వాత. రాత్రి సందేశం పంపినవాడికి "పని విషయాలు గ్రూపులో పెట్టండి సార్" అని చెబితే, మామూలు మనిషి కాస్త నొచ్చుకుంటాడేమో గానీ మరునాటి నుంచి గ్రూపులో పెడతాడు, విషయం అక్కడితో ముగుస్తుంది. రెండో రకం మనిషి ఆ "వద్దు"ను ఒక ధిక్కారంగా తీసుకుంటాడు. ఒక వారం మాట్లాడడు, లేదా నలుగురిలో ఎగతాళి చేస్తాడు, లేదా పని ద్వారా బదులు తీర్చుకుంటాడు. మల్లెపందిరి గారు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది చీర మాట కాదు, రాత్రి సందేశాలు కూడా కాదు. "సోమవారం చూద్దాం సార్" అన్న మర్యాదైన మాటకు జవాబుగా క్లయింట్ కాల్ నుంచి పేరు పోవడం. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందో, నడుమ పని విషయంలో ఇంకేదైనా కారణం ఉందో చూడాలి. కారణం లేకపోతే అది యాదృచ్ఛికమని నేను అనుకోలేను.

దీనికి చట్టంలో కూడా ఆధారం ఉంది. పనిచోట మహిళల మీద లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి పోష్ చట్టంలో సెక్షన్ 3 చదివితే, తాకడం, అడగడం వంటివి మాత్రమే కాకుండా, లైంగిక స్వభావం గల ప్రవర్తనతో ముడిపడి ఉద్యోగంలో మేలు చేస్తానని చెప్పడం లేదా సూచించడం, కీడు చేస్తానని బెదిరించడం, పనికి అడ్డుపడటం, భయపెట్టే వాతావరణం కల్పించడం, ఆరోగ్యం దెబ్బతినేలా అవమానించడం కూడా వేధింపు కిందికి వస్తాయని స్పష్టంగా ఉంది. "సూచించడం" అన్నది ముఖ్యం. నోటితో అడగలేదు కాబట్టి ఏమీ లేదని ఎవరైనా అంటే వారు చట్టం చదవలేదని అర్థం.

"ముట్టుకోలేదు కదా" అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. అపారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ కేసులో 1999లో తీర్పు వచ్చింది. సంఘటన మాత్రం 1988 ఆగస్టు నాటిది. ఆ తీర్పులోని వాస్తవాలను మా శిక్షణ తరగతుల్లో నేను తప్పకుండా చదివి వినిపిస్తాను, ఎందుకంటే తొలి సంకేతాలన్నీ అందులో వరుసగా ఉన్నాయి. ఫిర్యాదు చేసిన ఆమె ఆ కౌన్సిల్‌లో గుమస్తా, టైపిస్టు. డిక్టేషన్ తీసుకోవడంలో శిక్షణ లేదు. అయినా డిక్టేషన్ కోసం హోటలుకు రావాలని ఛైర్మన్ వ్యక్తిగత కార్యదర్శి పట్టుబట్టాడు. అక్కడ మరీ దగ్గరగా కూర్చోబోయాడు. ఆమె అభ్యంతరం చెప్పినా ఆగలేదు. తర్వాత బిజినెస్ సెంటర్ చూపిస్తానని కింది అంతస్తుకు తీసుకువెళ్ళాడు. అక్కడికి వెళ్ళేటప్పుడు లిఫ్టులో ఆమె అత్యవసర బటన్ నొక్కి బయటపడింది. నిజంగా తాకినట్లు రుజువు కాలేదని ఢిల్లీ హైకోర్టు అతనికి అనుకూలంగా చెబితే, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, వేధింపు అనడానికి శరీర స్పర్శ తప్పనిసరి కాదని తేల్చింది. తనది కాని పని అప్పగించడం, మనుషుల నుంచి విడదీయడం, అభ్యంతరాన్ని విననట్లు నటించడం, ఆపై మరింత ఏకాంతంలోకి తీసుకువెళ్ళడం అన్న ఈ క్రమాన్ని నేను ఆ తర్వాత ఎన్నో ఫిర్యాదుల్లో చూశాను.

నైట్‌డ్యూటీ

నేను విశాఖపట్నంలో నర్సును. చదువుతుంటే పదేళ్ళ కిందటి నా మొదటి ఉద్యోగం గుర్తుకు వచ్చింది కనుక రాస్తున్నాను.

ఆ ఆసుపత్రిలో నేను చేరిన వారంలోనే ఒక సీనియర్ సిస్టర్ మందులు సర్దుతూ, నా వైపు చూడకుండానే, "ఫలానా సారు స్టోర్ రూముకు ఏదైనా తెమ్మంటే ఆయాను వెంట తీసుకువెళ్ళు" అని చెప్పారు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నారు. ఇంకొకరు ఆయన డ్యూటీ రోజున ఐడీ కార్డు పొట్టి తాడుతో వేసుకోమన్నారు. కార్డులో పేరు చదివే నెపంతో వంగుతాడన్నది నాకు ఆ తర్వాత అర్థమైంది. కొత్తగా చేరిన చోట ఆడవాళ్ళు మనకు చెవిలో చెప్పే ఇటువంటి జాగ్రత్తలే అన్నిటికంటే ముందుగా వచ్చే సంకేతమని నా గట్టి నమ్మకం. ఆ జాగ్రత్త పుట్టిందంటే మనకంటే ముందు ఎవరికో ఏదో జరిగింది. అప్పుడు నేను ఆ సిస్టర్‌ను ఇంకొంచెం అడిగి ఉండవలసింది.

రెండో సంగతి. నాకు ఏమీ జరగకముందే నా మీద వేళాకోళం మొదలైంది. "సారుకు నువ్వంటే ప్రత్యేకం" అని తోటివాళ్ళు అనేవారు. అది వింటూ వింటూ నేను సిగ్గుపడ్డానే తప్ప, ఆ మాటను మొదట ఎవరు ప్రచారం చేశారో ఆలోచించలేదు. తర్వాత తెలిసింది, ఆయనే "ఆ అమ్మాయి నా వెంటే తిరుగుతుంది" అని క్యాంటీనులో చెప్పుకున్నాడని. ఎప్పుడైనా నేను ఫిర్యాదు చేస్తే నమ్మేవాళ్ళు ఉండకుండా ముందే ఏర్పాటు చేసుకున్నాడన్నమాట. నేను కాదన్నాక మూడు వారాలు వరుసగా నైట్ డ్యూటీలు వేయించాడు. రోస్టర్ వేసేది ఆయన కాదు, వేసేవారికి ఒక మాట చెప్పేవాడు.

నేను ఫిర్యాదు చేయలేదు, మానేసి వచ్చేశాను. మల్లెపందిరి గారూ, మీ చెల్లెలు ఇంత ముందుగా మీతో చెప్పుకుంది. నాకు అప్పుడు అలా చెప్పుకునే అక్క లేదు.

పాతదస్త్రం

అమ్మా, నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాడిని. నా వయస్సు 71. నేను చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పడం అవసరమనిపిస్తున్నది.

1990ల మొదట్లో మా సెక్షన్‌లో ఒక టైపిస్టు అమ్మాయి తన సీటు మార్చమని నాలుగు నెలల్లో మూడు అర్జీలు పెట్టుకున్నది. మొదటిదానిలో కిటికీ గాలి పడటం లేదని, రెండోదానిలో కళ్ళకు వెలుతురు చాలడం లేదని, మూడోదానిలో ఆరోగ్య కారణాలని రాసింది. మూడింటి మీదా నేను "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా సాధ్యపడదు" అని రాసి ఫైలులో పెట్టాను. ఆమె పక్క సీటు ఎవరిదో నాకు తెలుసు, అతని నోటి దురుసు కూడా తెలుసు. అయినా ఆ రెండింటినీ కలిపి చూడాలని నాకు తోచలేదు, లేదా తోచినా చూడదలచుకోలేదు. ఆ తర్వాత ఆమె జీతనష్టపు సెలవు మీద వెళ్ళి, పక్క జిల్లాకు బదిలీ చేయించుకున్నది.

తొలి సంకేతాలను గుర్తించే బాధ్యత అంతా ఆ ఆడపిల్లదే అన్నట్లు మనం మాట్లాడుకుంటున్నాము. పై అధికారి బల్ల మీదికి ఆ సంకేతాలు వేరే రూపంలో వస్తాయి. కారణం మారుతూ వచ్చే అర్జీలు, ఒకే అధికారి కింద నుంచి వరుసగా వెళ్ళిపోయే ఆడ ఉద్యోగులు, ఒకే మనిషి క్యాంపుకు వచ్చిన రోజున పెట్టే సెలవు చీటీలు. ఇవన్నీ రిజిస్టర్లలోనే ఉంటాయి. చదివేవాడు కావాలి.

మనకు ఈ చట్టం వచ్చిన దారి కూడా అదే చెబుతుంది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ కార్యకర్తగా పనిచేస్తూ, ఏడాది బిడ్డ పెళ్ళిని ఆపబోయింది. ఊరి మగవాళ్ళు తనను వేధిస్తున్నారని ముందే స్థానిక అధికారులకు చెప్పుకున్నది. ఎవరూ పట్టించుకోలేదు. 1992 సెప్టెంబరులో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1997 ఆగస్టు 13న పనిచోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన, విశాఖ అనే సంస్థ పేరుతో పిలిచే తీర్పు వచ్చింది, మరో పదహారేళ్ళకు చట్టం వచ్చింది. ఆమె ముందుగా చెప్పుకున్న మాటను విన్న అధికారి ఒక్కడున్నా ఆమె బతుకు వేరుగా ఉండేది. ఆ అధికారుల గురించి చదివినప్పుడల్లా నాకు నా మూడు సంతకాలు గుర్తుకు వస్తాయి.

గచ్చిబౌలి_బాటసారి

కృష్ణాతీరం గారికి, పాతదస్త్రం గారికి కృతజ్ఞతలు. "వద్దు అన్న తర్వాత ఏం జరిగింది" అన్న కొలత నాకు స్పష్టంగా అర్థమైంది. నిజాయితీగా చెప్పాలంటే ఈ చర్చ చదివాక నా బృందంతో నేను నడిపిన చాట్లన్నీ ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. తప్పు ఏదీ కనిపించలేదు గానీ, ఒక సంగతి తెలిసింది. నా బృందంలో ఒక అమ్మాయి రాత్రి పది తర్వాత నేను పంపిన ప్రతి సందేశానికీ రెండు నిమిషాల్లో జవాబిచ్చింది. అది ఉత్సాహం అనుకున్నాను ఇన్నాళ్ళూ. జవాబివ్వకపోతే ఏమవుతుందో అన్న బెరుకు కూడా కావచ్చునని ఇప్పుడు అనిపిస్తోంది. నా చేతిలో ఆమె రేటింగ్ ఉంది, ఆమె చేతిలో నాది ఏదీ లేదు. ఇక మీదట ఎనిమిది దాటితే అత్యవసరమైనది మాత్రమే, అది కూడా గ్రూపులోనే పెడతానని అందరికీ చెప్పాను.

అక్కా, మొదటి జవాబులో నేను మామూలు వివరణలు వెతికాను. ఆ పని మీ చెల్లెలు ఇప్పటికే ఎన్నో రాత్రులు తనకు తాను చేసుకుని ఉంటుందని ఆలోచించలేదు.

సూదిదారం

నేను ఒక దుస్తుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు కుట్టుమిషను మీద పనిచేసి, ఇప్పుడు లైన్ సూపర్‌వైజరుగా ఉన్నాను. మీ చర్చ అంతా కంప్యూటర్ల ఉద్యోగాల చుట్టూ తిరుగుతోంది కాబట్టి మా దగ్గర ఎలా ఉంటుందో రాస్తాను.

మా దగ్గర వాట్సాప్ కంటే ముందు గంటకు కుట్టవలసిన పీసుల లెక్క వస్తుంది. లైనులో ఏ అమ్మాయికి ఏ ఆపరేషన్ ఇవ్వాలన్నది సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. కాలరు, స్లీవు అతికించడం కష్టం, గుండీ పని తేలిక. ఒక అమ్మాయికి అకారణంగా తేలిక పని ఇస్తున్నాడంటే నేను ముందు అక్కడ చూస్తాను, కష్టమైన పని దగ్గర కాదు. ఆ మేలు తిరిగి అడగడానికే చేస్తాడు కొందరు. అలాగే కుట్టు సరిచేసి చూపించే నెపంతో వెనక నిలబడి, భుజాల మీదుగా చేతులు చాపి గుడ్డ పట్టుకోవడం. కుట్టు చూపించాలంటే అమ్మాయిని లేపి, తాను కూర్చుని కుట్టి చూపిస్తే సరిపోతుంది. నాకు నేర్పిన మేస్త్రి అలాగే నేర్పారు. నేను ఇప్పుడు నా లైనులో ఆ పద్ధతే పెట్టాను.

ఇంకొకటి అప్పు. నెలాఖరున ఐదు వందలో వెయ్యో చేబదులు ఇచ్చి, తిరిగి ఇస్తానంటే "తొందరేముంది" అని తీసుకోకపోవడం. తీసుకోని అప్పు అన్నిటికంటే ప్రమాదకరమని మా పిల్లలందరికీ చెబుతాను.

మా దగ్గర చాలామంది కాంట్రాక్టరు కింద వస్తారు. మీరు కంపెనీ మనుషులు కారు, మీకు కమిటీ వర్తించదని వాళ్ళకు చెప్పేవారు ఉన్నారు. ఇది నిజమేనా అని కృష్ణాతీరం గారిని అడుగుతున్నాను.

కృష్ణాతీరం

సూదిదారం గారూ, అది పూర్తిగా అబద్ధం. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, రోజుకూలీలు, అప్రెంటిస్‌లు, శిక్షణలో ఉన్నవారు, జీతం లేకుండా పనిచేసేవారు కూడా చట్టం దృష్టిలో ఉద్యోగులే. సంస్థ ఏర్పాటు చేసిన బస్సు, క్యాబ్ కూడా పనిచోటు కిందికే వస్తాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట కమిటీ ఉండదు కాబట్టి, అటువంటివారు, అలాగే యజమాని మీదనే ఫిర్యాదు ఉన్నవారు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఇళ్ళల్లో పనిచేసేవారికి కూడా అదే దారి. మీరు తేలిక పని గురించి రాసింది మా శిక్షణలో చెప్పడానికి మీ అనుమతితో వాడుకుంటాను.

నిర్వాహకులు

సభ్యులకు విజ్ఞప్తి. ఈ చర్చలో సంస్థల పేర్లు, వ్యక్తుల పేర్లు, వారిని గుర్తుపట్టగలిగే వివరాలు రాయవద్దు. ఫిర్యాదు దాఖలైన తర్వాత ఫిర్యాదిదారు, ప్రతివాది, సాక్షుల వివరాలను బయటపెట్టడాన్ని చట్టంలోని సెక్షన్ 16 నిషేధిస్తుంది. పేరు ఉన్న ఒక జవాబును తొలగించాము.

మల్లెపందిరి

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. శనివారం హైదరాబాదు వెళ్ళి దాని హాస్టల్ గదిలో కూర్చుని నెమ్మదిగా మాట్లాడాను. నేను ప్రశ్నలు వేయకుండా, ఈ చర్చనే చదవమని ఫోను చేతికిచ్చాను. నైట్‌డ్యూటీ గారు రాసింది చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, "నా గురించి కూడా అలాగే అంటున్నారు అక్కా" అని. ఈ మధ్య టీమ్‌లో ఇద్దరు దానితో భోజనానికి రావడం మానేశారట. కారణం ఏమిటో తెలియక తన ప్రవర్తనలోనే లోపం ఉందనుకుని కుమిలిపోతోంది.

మరో సంగతి కూడా బయటపడింది. అది చేరకముందు అదే స్థానంలో పనిచేసిన అమ్మాయి ఏడాది తిరగకుండానే వేరే ప్రాజెక్టుకు మార్పించుకుందట. పాతదస్త్రం గారు చెప్పిన రిజిస్టరు లాంటిదే ఇది.

ఇప్పుడు నా సందేహాలు. మొదట్లో వచ్చిన కొన్ని సందేశాలను చెల్లెలు చిరాకుతో తొలగించింది, వాటితో ఇబ్బంది అవుతుందా? జనవరిలో అప్రైజల్ ఉంది, దాన్ని రాసేది అతడే. ఇప్పుడే ఫిర్యాదు చేస్తే ఇంత చిన్న విషయానికా అంటారేమో, ఆగితే ఆలస్యమైందంటారేమో. రుజువు చేయలేకపోతే దాని మీదే చర్య తీసుకుంటారని ఎవరో చెప్పారట, అది నిజమా?

కృష్ణాతీరం

అమ్మా, చివరి సందేహం నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమందిని ఆపేది అదే. రుజువు చేయలేకపోవడం వేరు, తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేయడం వేరు. కేవలం రుజువు చేయలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోనక్కరలేదని సెక్షన్ 14లోనే ఉంది. దురుద్దేశం ఉన్నదని విడిగా విచారించి తేల్చిన తర్వాతే చర్య సిఫారసు చేయాలి. ఈ సెక్షన్‌ను సగం చదివి భయపెట్టేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

తొలగించిన సందేశాల గురించి దిగులు వద్దు. మిగిలినవాటిని తొలగించకుండా అలాగే ఉంచాలి. స్క్రీన్‌షాట్లు తీసి ఆఫీసు లాప్‌టాప్‌లో కాకుండా సొంత మెయిల్‌లో పెట్టుకోవాలి. పోయినవాటి గురించి గుర్తున్నంత వరకు ఈ రోజు తేదీ వేసి, "గుర్తున్న మేరకు" అని రాసి, ఒక నోటుపుస్తకంలో పెట్టుకోమనండి. ఇక మీదట ఏది జరిగినా ఆ రోజే రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట, ఎవరు విన్నారు, తాను ఏమని జవాబిచ్చింది, ఆ తర్వాత పనిలో ఏం మారింది. ఈ చివరిదాన్ని చాలామంది రాయరు. కమిటీలో కూర్చున్న నాకు దానితోనే ఎక్కువ పని. ఆరు నెలల తర్వాత జ్ఞాపకం మీద చెప్పిన మాట కంటే, ఆ రోజు రాసిన నాలుగు వాక్యాలకు విలువ ఎక్కువ.

గడువు సంగతి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. వరుసగా జరుగుతుంటే చివరి సంఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ దాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కాబట్టి ఈ వారమే నిర్ణయించుకోవలసిన ఒత్తిడి లేదు, అలాగని వేసవి దాకా ఆగేది కూడా కాదు.

అప్రైజల్ విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటి ఉంది. ఫిర్యాదు విచారణలో ఉండగా, ఆమె రాతపూర్వకంగా కోరితే, ప్రతివాది ఆమె పనితీరు మీద నివేదిక రాయకుండా ఆపి, ఆ పనిని వేరే అధికారికి అప్పగించమని కమిటీ సిఫారసు చేయవచ్చునని 2013 నియమాల్లో ఎనిమిదవది చెబుతుంది. ఇద్దరిలో ఒకరిని వేరే చోటుకు మార్చమనీ, మూడు నెలల వరకు అదనపు సెలవు ఇవ్వమనీ కోరే వీలు కూడా చట్టంలో ఉంది.

ఫిర్యాదు చేసేలోగా ఒక పని చేయవచ్చు. మర్యాదగా, పని భాషలో, రాతపూర్వకంగా ఒక హద్దు చెప్పడం. "ఇక మీదట రివ్యూలు పనివేళల్లో, ఇంకొక సభ్యుడితో కలిసి పెట్టుకుందాం. పని సందేశాలు టీమ్ ఛానెల్‌లో పంపండి" అన్నంత చాలు. నిందలు వద్దు. దానికి వచ్చే జవాబు, ఆ తర్వాతి నెల రోజుల్లో జరిగేది మీకు చాలా చెబుతాయి. ఒకవేళ ఈలోగా భయం కలిగించేది ఏదైనా జరిగితే, వెంబడించడం, హాస్టల్ దగ్గర నిలబడటం వంటివి, కమిటీ కోసం ఆగకుండా షీ టీమ్స్‌కు లేదా 112కు ఫోను చేయాలి. అది పోలీసుల పని.

భోజనానికి రాని ఆ ఇద్దరిలో ఒకరితోనైనా మీ చెల్లెలు నేరుగా మాట్లాడితే మంచిది. ఒంటరితనం తనకు తానే వచ్చినట్లు కనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఎవరో కల్పించినదై ఉంటుంది.

దూరతీరం

నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన మన పిల్లల కోసం రెండు మాటలు రాస్తాను. ఇక్కడ తొలి సంకేతం తరచుగా వీసా మాట రూపంలో వస్తుంది. పని గురించి మాట్లాడుతూ మధ్యలో, సందర్భం లేకుండా, "నీ హెచ్1బీ పొడిగింపు నా సంతకంతోనే వెళుతుంది కదా" అంటాడు ఒక మేనేజరు. అతడు కూడా మనవాడే అయి, ఇంటికి భోజనానికి పిలిచే చనువు ఉన్నప్పుడు, ఆ మాటను బెదిరింపుగా గుర్తించడానికి మనసు ఒప్పదు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో వేరే దారి చూసుకోవాలన్న భయం అందరికీ ఉంటుంది. ఆ భయం ఎవరికి ఎంత ఉందో అటువంటివాడు ముందే కనుక్కుంటాడు, ఇంట్లో అప్పులెన్ని, పెళ్ళెప్పుడు అని సానుభూతితో అడుగుతూ.

ఇక్కడ 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద, 15 మంది అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల విషయంలో, సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. గడువు 180 రోజులు, అనేక రాష్ట్రాల్లో 300 రోజులు. వీసా మీద ఉన్నవారికి కూడా ఈ రక్షణ ఉంది.

నీలిచొక్కా

నేను మగవాడిని. మా మేనేజరు రోజూ అందరి ముందు బూతులు తిడతాడు, ఎదురు చెబితే సెలవులు ఆపేస్తాడు. ఇందులో లైంగికమైనది ఏదీ లేదు. నాకు ఏ కమిటీ ఉంది?

కృష్ణాతీరం

పోష్ చట్టం మహిళల ఫిర్యాదులకు, అదీ లైంగిక వేధింపులకు మాత్రమే వర్తిస్తుంది. మీరు చెప్పిన రకం వేధింపు కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, అది పెద్ద లోటే. సంస్థ ప్రవర్తనా నియమావళిలో అందరికీ వర్తించే ఫిర్యాదు పద్ధతి ఉందేమో ముందు చూడండి. తేదీలు రాసుకునే అలవాటు మీకు కూడా పనికివస్తుంది. దీని మీద విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

మల్లెపందిరి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. పాఠశాలలో పరీక్షలు నడిచాయి.

కృష్ణాతీరం గారు చెప్పిన విధంగా చెల్లెలు మెయిల్ పంపింది. పంపే ముందు నాకు ఐదుసార్లు చదివి వినిపించింది. "సరే" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. రాత్రి సందేశాలు ఆగిపోయాయి. శుక్రవారం రివ్యూ గురువారం మధ్యాహ్నానికి మారింది, ఇంకొక అబ్బాయి కూడా కూర్చుంటున్నాడు. క్లయింట్ కాల్‌లో మాత్రం ఇంకా పేరు లేదు. భోజనానికి రాని ఇద్దరిలో ఒక అమ్మాయితో మాట్లాడితే, "నువ్వు లీడ్‌కు దగ్గరదానివని, మేము అన్నవన్నీ ఆయనకు చేరవేస్తావని విన్నాం" అని చెప్పిందట. ఆ మాట ఎవరన్నారో కూడా చెప్పింది. ఇప్పుడు ఇద్దరూ కలిసే తింటున్నారు. వేరే ప్రాజెక్టుకు వెళ్ళిపోయిన ఆ అమ్మాయి ఫోను నంబరు కూడా ఆమె దగ్గరే దొరికింది. మా చెల్లెలు ఇంకా ఫోను చేయలేదు, ఈ ఆదివారం చేస్తానంటోంది.

అమ్మకు కూడా చెప్పాను. ఇంటికి రమ్మనే అన్నది ముందు. పూర్తిగా విన్నాక, "తప్పు చేయనిది ఎందుకు వస్తుంది" అని తనకు తానే అనుకున్నట్లుగా అని, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లేచి వెళ్ళింది.

నిన్న సాయంత్రం మీటింగులో అతడు, "ఈ రోజుల్లో ఎవరితో ఏం మాట్లాడాలన్నా భయంగా ఉంది, మెయిళ్ళు వస్తున్నాయి" అన్నాడట, దాని వైపు చూస్తూ. ఈసారి ఎవరూ నవ్వలేదని చెల్లెలు చెప్పింది. గదిలో ఉన్న ఆరుగురి పేర్లు, సమయం, అతడన్న మాట అన్నీ రాత్రే నోటుపుస్తకంలో రాసుకుంది. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు రిసెప్షన్ పక్కన గోడ మీద ఉన్నాయట, ఎనిమిది నెలలుగా రోజూ దాటి వెళుతున్నా చదవలేదట. ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపింది. బయటి సభ్యురాలికి ఫిర్యాదు కాకుండా, ముందుగా సలహా కోసం ఫోను చేయవచ్చునా అని అడగమంది.